ఇల్లు కట్టేవాళ్లలో కాంట్రాక్టర్ అంటే ఎవరు?

(హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్లు కూర్చున్న సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. చివర్లో సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను కాస్త ఎక్కువగానే పొగిడారు. ఆ పొగడ్త దిగకముందే విషయంలోకి వెళ్లిపోదాం.

నా దగ్గరికి వచ్చేవాళ్లు తరచుగా అడిగేది ఒకటుంది. "సార్, మా కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉందో లేదో ఎక్కడ చూడాలి?" నేను "ఏ లైసెన్స్?" అంటాను. వాళ్లకి చిరాకొస్తుంది. వకీలు దగ్గరికి పోతే జవాబుకి బదులు ఇంకో ప్రశ్న వేస్తాడేంటి అని. కానీ నిజంగానే ఏ లైసెన్స్ అని అడగాల్సిన పరిస్థితి మనది. మన రాష్ట్రంలో మీ ఇల్లు కట్టే కాంట్రాక్టర్ అంటే ఎవరో చెప్పేది ఒకే చట్టం కాదు. నాలుగైదు చట్టాలు, ఒక్కోటి దాని అవసరం కోసం, ఒక్కో రకంగా చెబుతాయి. ఒకే మనిషి ఒక చట్టంలో కాంట్రాక్టర్, ఇంకో చట్టంలో ప్రమోటర్, అంటే కట్టి అమ్మేవాడు, మూడో చట్టం దగ్గరికి వచ్చేసరికి అసలు లెక్కలోనే లేడు.

మన కాలనీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి ముందు చెబుతాను. పిల్లలు ఫోన్‌లో "నాన్నా, లైసెన్స్ ఉన్నవాణ్ణే పెట్టుకో" అంటుంటారు. వాళ్లు అక్కడ చూసింది చెబుతున్నారు. కాలిఫోర్నియాలో అయితే ఆ మాట సరిగ్గా సరిపోతుంది. అక్కడి చట్టంలో కాంట్రాక్టర్, బిల్డర్ అనే రెండూ ఒకటే. కట్టినవాడే కాదు, కడతానని ముందుకొచ్చినవాడు, బిడ్ వేసినవాడు, ఆ పని చేయగలనని చెప్పుకున్నవాడు కూడా కాంట్రాక్టరే. కూల్చేవాడు కూడా. నాలుగేళ్ల పని అనుభవం చూపించాలి, పరీక్ష రాయాలి, 25,000 డాలర్ల పూచీకత్తు బాండ్ పెట్టాలి. చిన్నాచితకా పనులకి మినహాయింపు ఉంది. అది చాలాకాలం 500 డాలర్లే, 2025 జనవరి నుంచి 1,000 చేశారు. అదీ పర్మిట్ అక్కర్లేని పని అయి, చేసేవాడు కూలీలను పెట్టుకోకపోతేనే.

అక్కడ గట్టి నిబంధన ఇంకొకటి ఉంది. లైసెన్స్ లేకుండా పని చేసినవాడు, పని ఎంత బాగా చేసినా, డబ్బు కోసం కోర్టుకి పోలేడు. అంతే కాదు, అప్పటికే తీసుకున్న డబ్బు కూడా ఇంటాయన వెనక్కి అడగొచ్చు. లైసెన్స్ లేదని ఇంటాయనకి ముందే తెలిసినా సరే! వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ లైసెన్స్‌కి అక్కడ అంత విలువ రావడానికి కారణం ఇదే. పోలీసులు పట్టుకుంటారనే భయం కంటే డబ్బు రాదనే భయం పెద్దది.

అలాగని అమెరికా అంతా ఇంతే అనుకోకండి. డల్లాస్‌లో మనవాళ్లు బోలెడంత మంది ఉన్నారు కదా. ఆ టెక్సాస్ రాష్ట్రంలో ఇల్లు కట్టే జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్రం ఇచ్చే లైసెన్సే లేదు. ప్లంబర్‌కి ఉంది, ఎలక్ట్రీషియన్‌కి ఉంది. మొత్తం ఇల్లు కట్టేవాడికి లేదు. ఆ లెక్కన మనం టెక్సాస్‌కి దగ్గర.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. ఎల్‌బీ నగర్ నుంచి బోడుప్పల్ దాకా ఒకసారి బోర్డులు చూసుకుంటూ వెళ్లండి. కన్‌స్ట్రక్షన్స్, బిల్డర్స్, ఇన్‌ఫ్రా, డెవలపర్స్... ఆ బోర్డు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే బోర్డు మీద ఆర్కిటెక్ట్ అని రాయాలంటే మాత్రం 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. లేకపోతే నేరం. గీత గీసేవాడి పేరుకి పార్లమెంటు కాపలా పెట్టింది. ఆ గీత ప్రకారం స్లాబ్ పోసేవాడి పేరుకి ఎవరూ కాపలా లేరు. ఇది నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

"మరి మా కాంట్రాక్టర్ క్లాస్ ఫైవ్ సర్టిఫికెట్ చూపించాడే" అంటారు కొందరు. అది సర్కారు పనుల కోసం. ఆర్ అండ్ బీ, ఇరిగేషన్, పంచాయతీరాజ్ శాఖల్లో స్పెషల్ క్లాస్ నుంచి ఐదో క్లాస్ దాకా కాంట్రాక్టర్లను రిజిస్టర్ చేస్తారు. ఏ క్లాస్ వాడు ఎంత విలువ టెండర్ వేయొచ్చో చెప్పే కాగితం అది. అందులో మీ ఇంటి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ మనిషికి కాస్త డబ్బు, అనుభవం ఉన్నాయని తెలుస్తుంది, అంతవరకే.

మున్సిపాలిటీ సంగతి కొంచెం ఆగి చూడాలి. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల్లో, అదే జీవో 168లో, బిల్డర్లు, డెవలపర్లు, ఇంజనీర్లు, ఇతర టెక్నికల్ వాళ్లు అనుమతి ఇచ్చే సంస్థ దగ్గర లైసెన్స్ తీసుకోవాలని ఉంది. అపార్ట్‌మెంట్ పర్మిషన్ కాగితం మొదటి పేజీ తీసి చూడండి. దరఖాస్తుదారు పేరు, కింద బిల్డర్ లేదా డెవలపర్ పేరు, లైసెన్స్ నంబరు, ఇంకా కిందికి ప్లాన్ గీసిన మనిషి, స్ట్రక్చరల్ ఇంజనీర్. నాకు ఎవరైనా ఫ్లాట్ కాగితాలు తెస్తే నేను ముందు చూసేది ఈ నాలుగు పేర్లే. బిల్డర్ గడిలో ఒక పేరుంటుంది, మీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాయన ఇంకొకరు. కాగితం మీద ఒకరు, సైట్ మీద ఒకరు. అలా ఉన్నప్పుడు వాళ్లిద్దరి మధ్య సంబంధం ఏంటో రాతపూర్వకంగా అడగండి. అడిగితే బాధపడతారేమో అని మొహమాటపడకండి. లక్షలు పెట్టేటప్పుడు మొహమాటం ఏంటి?

చిన్న ఇళ్ల దగ్గర ఈ రక్షణ కూడా పలచబడుతుంది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం, అంటే ఇళ్ల అనుమతుల చట్టం, ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా అనుమతే అక్కర్లేదు, పేరు నమోదు చేసుకుంటే చాలు. దాని పైన చిన్న స్థలాలకి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. సొంత ధ్రువీకరణ అంటే సంతకం మీది. ప్లాన్ దాటి కడితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. "మేస్త్రీ ఒక అడుగు ముందుకి జరిపాడు సార్" అని అక్కడ చెప్పుకుంటే ఎవరూ వినరు.

ఇక రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ముఖ్యంగా స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్లు.

2016 నాటి రెరా చట్టంలో కాంట్రాక్టర్ అనే మాట ఉంది. ఎక్కడుందో తెలుసా? ప్రమోటర్ ఎవరు అని చెప్పే చోట. అమ్మకం కోసం కట్టే కట్టడం విషయంలో బిల్డర్, కాలనైజర్, కాంట్రాక్టర్, డెవలపర్, ఇంకే పేరు పెట్టుకున్నా సరే, ఆ స్థలం యజమాని దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ ఉందని చెప్పుకున్నా సరే, అతను ప్రమోటరే అంటుంది. పేరు మార్చి తప్పించుకునే దారులన్నీ ఒకే వాక్యంలో మూసేశారు. "నేను ప్రమోటర్ని కాదు సార్, ఉత్త కాంట్రాక్టర్ని" అనే మాట అక్కడ చెల్లదు.

అయితే ఆ వాక్యం మొత్తానికి ఇరుసు "అమ్మకం కోసం" అన్న మాట. మీరు మీ స్థలంలో మీరుండటానికి ఇల్లు కట్టించుకుంటే, ఎంత పెద్ద కాంట్రాక్టర్‌ని పెట్టుకున్నా, రెరా దాని జోలికి రాదు. అక్కడ కొనేవాడే లేడు. అలాగే ఒక పెద్ద బిల్డర్ దగ్గర చదరపు అడుగుకి ఇంత అని సెంట్రింగ్, స్లాబ్ పని చేసిపెట్టే సబ్ కాంట్రాక్టర్‌ని కూడా, ఫ్లాట్ల అమ్మకంలో అతనికి వాటా లేనంతవరకు, ప్రమోటర్ అనడం కష్టమని నా అభిప్రాయం. కానీ కట్టేవాడు ఒకడు, అమ్మేవాడు ఇంకొకడు అయినప్పుడు ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత అని చట్టం వివరణలో రాసి ఉంది.

ఇప్పుడు మన ఊళ్లో జరిగేదాన్ని దీని పక్కన పెట్టండి. తాతల నాటి 600 గజాల పాత ఇల్లు. బిల్డర్ వచ్చి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ, అంటే కట్టే ఒప్పందం, మీ తరఫున వ్యవహరించే అధికారం కలిపిన కాగితం, రాయించుకుంటాడు. సగం ఫ్లాట్లు మీకు, సగం అతనికి. మీ వాటాలో రెండు ఉంచుకుని మిగతావి పునాది దశలోనే అమ్మేస్తారు, ఆడపిల్ల పెళ్లికో, అబ్బాయి చదువుకో. అమ్మిన ఆ క్షణం నుంచి కొన్నవాళ్ల దృష్టిలో మీరు ఎవరు? మీ చేతికి సిమెంట్ అంటకపోయినా, మిమ్మల్ని కూడా ప్రమోటర్ల లెక్కలో కలిపి కేసు వేయొచ్చు. నాకు తెలిసిన ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచర్, ఇలాగే సమన్లు అందుకుని "నేను స్థలం ఇచ్చానంతే కదా బాబూ" అన్నారు. ఆయన మాట నిజమే. కానీ అమ్మకం దస్తావేజు మీద సంతకం కూడా ఆయనదే.

మీకు ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది. 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, స్థలం యజమాని, బిల్డర్ మధ్య ఒప్పందానికి జాయింట్ వెంచర్ అని పేరు పెట్టినంత మాత్రాన అది భాగస్వామ్యం అయిపోదు. యజమానికి కట్టి ఇవ్వాల్సిన వాటా వరకు బిల్డర్ సేవ అందిస్తున్నట్టే, యజమాని వినియోగదారుడే. కాబట్టి బిల్డర్ మీ వాటా సరిగ్గా కట్టకపోయినా, మీకు ఇవ్వాల్సిన కాగితాలు ఇవ్వకపోయినా మీరు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కొనేవాళ్ల ముందు ప్రమోటరు, బిల్డర్ ముందు వినియోగదారుడు, రెండూ మీరే. అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే ఈ రెండు వేషాలూ గుర్తుంచుకోవాలి. కొనుగోలుదారులు కేసు వేస్తే నష్టం బిల్డరే భరించాలన్న షరతు నేనైతే తప్పకుండా రాయిస్తాను.

రెరా రిజిస్ట్రేషన్‌కి చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోతే, అంటే సుమారు 598 గజాలు, లేదా ఫ్లాట్లు 8 మించకపోతే. అందుకే 590 గజాల ప్రాజెక్టులు మన దగ్గర అంత కనిపిస్తాయి, అది కాకతాళీయం అని నేను నమ్మను. రిజిస్ట్రేషన్ ఉన్న చోట మాత్రం అండ గట్టిగానే ఉంటుంది. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టాలి, అగ్రిమెంట్ రాయకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అప్పగించాక ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి చెబితే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. రిజిస్ట్రేషన్ లేని చోట, సొంత ఇంటి దగ్గర, మీకు వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సేవ అంటే ఏంటో చెప్పే చోట గృహ నిర్మాణం అని అందులో ప్రత్యేకంగా రాశారు. డబ్బు తీసుకుని కట్టేవాడు చాలు. అతని జేబులో ఏ లైసెన్స్ ఉందో, లేదో ఆ చట్టం అడగదు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. రెండేళ్ల గడువు మాత్రం మర్చిపోకండి.

ఇంతసేపు డబ్బు గురించి మాట్లాడాను. కూలీల సంగతి తీస్తే హాలు నిశ్శబ్దమైపోతుంది, ప్రతిసారీ గమనిస్తాను.

కార్మిక చట్టాల్లో కాంట్రాక్టర్ అంటే లెక్క వేరు. మనుషుల్ని పెట్టి ఒక నిర్ణీత పని పూర్తి చేసి ఇస్తానని ఒప్పుకున్నవాడు, లేదా పనికి మనుషుల్ని సరఫరా చేసేవాడు. సబ్ కాంట్రాక్టర్ కూడా అందులోకే వస్తాడు. ఉత్తగా ఇటుక, ఇసుక తోలేవాడు రాడు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఇలాగే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ దాదాపు ఇదే భావం ఉంది. ఈ లెక్కన పాలమూరు నుంచి పదిహేను మందిని తీసుకొచ్చి మీ సెల్లార్‌లో గుడిసె వేసుకున్న మేస్త్రీ, బోర్డు లేని, విజిటింగ్ కార్డు లేని ఆ మేస్త్రీ, చట్టం దృష్టిలో నిఖార్సైన కాంట్రాక్టర్. సూటు వేసుకుని ఎలివేషన్ బొమ్మలు చూపించి సంతకం పెట్టించుకున్నాయన పని మొత్తం ఆ మేస్త్రీకి అప్పజెప్పి ఉంటాడు. ఆయనా కాంట్రాక్టరే, ఈయనా కాంట్రాక్టరే.

మీరు పని ఎలా ఇచ్చారన్నది కూడా ఇక్కడ తేడా తెస్తుంది. మొత్తం గుత్తకి ఇచ్చారా? లేబర్ మాత్రం గుత్తకిచ్చి మెటీరియల్ మీరు కొన్నారా? లేక పొద్దున్నే అడ్డా మీదికి వెళ్లి ఇద్దరు కూలీలను, ఒక తాపీ మేస్త్రీని మీరే మాట్లాడుకుని సాయంత్రం చేతికి డబ్బిచ్చారా? మూడో పద్ధతిలో మధ్యలో కాంట్రాక్టర్ ఎవరూ లేరు. ఆ మనుషులకు పని ఇచ్చింది మీరే. పైనుంచి ఎవరైనా పడితే మొదటి ప్రశ్న మీకే వస్తుంది. డబ్బు ఆదా అవుతుందని ఈ పద్ధతికి పోయేవాళ్లు ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

సొంత ఇంటికి కొంత మినహాయింపు ఉంది. పాత చట్టంలో, తన నివాసం కోసం కట్టుకునే ఇంటి ఖర్చు 10 లక్షలు దాటకపోతే అది ఆ చట్టం పరిధిలోకి వచ్చేది కాదు. 10 లక్షలతో ఈ రోజుల్లో ప్రహరీ, మెట్లు, సంపు అయితే గొప్ప! కొత్త కోడ్‌లో దాన్ని 50 లక్షలు చేశారు. ఆ పరిమితి దాటినవాళ్లు నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్ కట్టాలి. అది కార్మికుల సంక్షేమ నిధికి పోతుంది. మీ మేస్త్రీ దగ్గర పనిచేసేవాళ్లకి లేబర్ కార్డు ఉందా అని ఒకసారి అడగండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చు. డబ్బు మీరు కట్టారు, అది వాళ్లకి చేరాలంటే ఆ కార్డు ఉండాలి.

ప్రాణాల మీదికి వస్తే చట్టం ఇంకా నేరుగా మాట్లాడుతుంది. మన నేర చట్టం, అదే భారతీయ న్యాయ సంహిత, 290వ సెక్షన్‌లో, కట్టడం కట్టేటప్పుడో, కూల్చేటప్పుడో, రిపేరు చేసేటప్పుడో అది కూలి మనుషులకు ప్రమాదం కాకుండా జాగ్రత్త తీసుకోని "ఎవరైనా" అని ఉంది. కాంట్రాక్టరా, యజమానా, ఇంజనీరా అని విడదీయలేదు. పక్క స్థలంలో పాత ఇల్లు కూలుస్తున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: "లైసెన్స్ లేనివాడికి కాలిఫోర్నియాలో డబ్బు రాదన్నారు. ఇక్కడ మా మేస్త్రీ పని సగంలో వదిలేసి పోయాడు, ఇప్పుడు బాకీ ఇవ్వమని నోటీసు పంపాడు. లైసెన్స్ లేదని ఎగ్గొట్టొచ్చా?")

ఎగ్గొట్టడానికి నా దగ్గరికి వచ్చారా అన్నా! (నవ్వులు) అది ఇక్కడ పనిచేయదు. మీ ఇంటి పనికి లైసెన్స్ తప్పనిసరి అనే చట్టమే లేనప్పుడు, అది లేదని ఒప్పందం చెల్లకుండా పోదు. రాతే లేకపోయినా కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ ఉంది. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకడు మీకు న్యాయంగా పని చేసిపెడితే, ఆ లాభం మీరు అనుభవిస్తే, దానికి తగినంత ఇవ్వాలి. కానీ అతను ఎక్కడిదాకా చేశాడు, ఏది పాడుచేశాడు, మిగతాది పూర్తి చేయించడానికి మీకు ఎంతైంది, ఇవన్నీ అందులోంచి తీసేయమని అడగొచ్చు. ఇంకో మేస్త్రీ చెయ్యి పెట్టకముందే ఫొటోలు తీయండి, ఒక ఇంజనీరుతో కొలతలు రాయించండి. కొత్తవాడు ప్లాస్టరింగ్ చేసేశాక పాతవాడి పని ఎంతో చెప్పడం ఎవరి వల్లా కాదు.

(ఒక మహిళ: "ఇంటీరియర్స్ వాళ్లు కూడా కాంట్రాక్టర్లేనా అండీ? మాకు కిచెన్ సగం చేసి ఫోన్ ఎత్తట్లేదు.")

రెరాలో కాదమ్మా, ఆ మనిషి మీకు ఇల్లు అమ్మలేదు. వినియోగదారుల చట్టంలో మాత్రం డబ్బు తీసుకుని సేవ చేస్తానన్నాడు, అది చాలు. కొటేషన్, డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచుకోండి. నగదు ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చారో ఇవాళే వాట్సాప్‌లో రాసి పంపండి. అతను కాదనకపోతే అదీ పనికొస్తుంది.

(ఇంకొకరు: "మా బావమరిది సివిల్ ఇంజనీరు. మా ఇల్లు ఆయనే దగ్గరుండి కట్టించాడు. స్లాబ్ లీకవుతోంది. కేసు అని కాదు... ఊరికే తెలుసుకుందామని.")

ఊరికే తెలుసుకోవడానికే చెబుతాను. డబ్బు ఏమైనా తీసుకున్నాడా?

("లేదండీ. కూలీల డబ్బు నేనే ఇచ్చాను. ఆయనకి బట్టలు పెట్టాం.")

బట్టలు ప్రతిఫలం కిందికి రావు. డబ్బు తీసుకోకుండా చేసిన సాయం వినియోగదారుల చట్టంలో సేవ కాదు, అది చట్టంలోనే స్పష్టంగా ఉంది. కూలీలకు నేరుగా మీరే ఇచ్చారు కాబట్టి కార్మిక చట్టం కింద కూడా ఆయన కాంట్రాక్టర్ కాడు. ఇల్లు అమ్మలేదు, రెరా లేదు. ఏ చట్టం తీసినా మీ బావమరిది కాంట్రాక్టర్‌గా దొరకడు. ఆ స్లాబ్ మీద వానాకాలం లోపు వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోండి. ఈసారి మాత్రం డబ్బు తీసుకుని, రసీదు ఇచ్చి, ఇన్నేళ్లు గ్యారంటీ అని రాసిచ్చేవాడితో చేయించండి.